98 సెంట్ల జాజ్: చవక సాంప్లర్ రికార్డుల తరఫున ఒక వకాల్తా

పాత గ్రామఫోన్ రికార్డులు పోగేసేవాళ్లకు ఒక అలవాటుంది. కొట్లో అట్టలను ఒక్కొక్కటీ వేలితో వెనక్కి నెడుతూ పోతారు. ఎక్కడైనా ‘పలువురు కళాకారులు’ అని కనబడితే చాలు, వేలి వేగం పెరుగుతుంది. సాంప్లర్ అంటే వాళ్ల లెక్కలో ఎవరికీ అక్కర్లేని సరుకు. నాలుగు జాజ్ ముక్కలు, నాలుగు పాప్ పాటలు, రెండు సినిమా ట్యూన్లు కలగలిపి, అట్ట మీద సూర్యాస్తమయం ఫొటో వేసి కారుచౌకగా వదిలించుకున్నది. ఈ చిన్నచూపు సగం సబబే. మిగతా సగం వల్ల మాత్రం మంచి రికార్డులు చేజారిపోతున్నాయి.

ఏ రికార్డు ఏ సగంలోకి వస్తుందో పాటల పట్టిక ఒక్కటే చూసి చెప్పలేం. అది ఎందుకు చవకైందో చూడాలి. కంపెనీ తన జేబులోంచి నష్టం భరించి చవగ్గా ఇచ్చిందా, లేక ఖర్చులన్నీ కోసేసి చవక చేసిందా? మొదటిది ఎర. మీ చేత ఇంకో రికార్డు కొనిపించడమే దాని పని, కాబట్టి తన దగ్గరున్న మేలైనది అందులో పెట్టక కంపెనీకి తప్పదు. రెండోదాని పని అమ్ముడుపోవడంతోనే అయిపోతుంది. డబ్బు చేతులు మారాక మీకు నచ్చిందా లేదా అన్నది ఎవరికీ పట్టదు. పైకి రెండింటిదీ ఇంచుమించు ఒకే ధర, ఒకే తరహా అట్ట. నేను వకాల్తా పుచ్చుకునేది ఎర రికార్డుకే.

1955లో అమెరికాలో కొలంబియా రికార్డ్స్ ‘ఐ లైక్ జాజ్!’ అని ఒక 12 అంగుళాల ఎల్పీ వేసింది. ధర 98 సెంట్లు. ఆ రోజుల్లో మామూలు 12 అంగుళాల పాప్ ఎల్పీ 3.98 డాలర్లు, అంటే నాలుగో వంతుకే ఇచ్చారన్నమాట. జాజ్‌కు ముందరి రాగ్‌టైమ్ శైలితో మొదలై బెస్సీ స్మిత్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, డ్యూక్ ఎల్లింగ్టన్ మీదుగా డేవ్ బ్రూబెక్ దాకా వస్తుంది. ఇంత చరిత్ర ఒక్క కంపెనీ గిడ్డంగిలో ఎలా ఉందంటే, బెస్సీ స్మిత్ 1923 నుంచే కొలంబియాకు పాడింది. ఆర్మ్‌స్ట్రాంగ్ ‘హాట్ ఫైవ్’ బృందం రికార్డులు వేసిన ‘ఓకే’ (OKeh) అనే కంపెనీని కొలంబియా 1926లో కొనేసింది. బ్రూబెక్ 1954లో వచ్చి చేరాడు. అప్పట్లో అక్కడ పాప్, జాజ్ ఎల్పీల వ్యవహారం చూసిన జార్జ్ అవాకియన్, పాత 78 ఆర్పీఎం జాజ్ రికార్డులను వెతికి తీసి మళ్లీ వెలుగులోకి తెచ్చే పని 1940 నుంచీ చేస్తున్న మనిషి. పాత పాటలు ఎక్కడున్నాయో, ఏవి నిలబడతాయో తెలిసిన చెయ్యి అది.

98 సెంట్ల లెక్క ఒకసారి చూడండి. అమెరికాలో 1909 చట్టం ప్రకారం రికార్డు మీద వేసిన ప్రతి పాటకూ, ప్రతి కాపీకీ పాట హక్కుదారుకు 2 సెంట్లు కట్టాలి. 1978లో 2.75 సెంట్లు అయ్యేదాకా ఆ రేటు మారలేదు. పన్నెండు పాటలున్న రికార్డుకు చట్టబద్ధమైన పూర్తి రేటు కడితే 24 సెంట్లు అక్కడే పోయాయి. 3.98 డాలర్ల ఎల్పీలో 24 సెంట్లు లెక్కలోకి రావు. 98 సెంట్ల ఎల్పీలో అది దాదాపు నాలుగో వంతు. మిగిలినదాంట్లోంచి కొట్టువాడి కమీషన్, అచ్చు, అట్ట, రవాణా. కంపెనీకి మిగిలేది ఏముంటుంది? అలాంటి రికార్డు వేయడానికి ఒకటే కారణం: విన్నవాడు రేపు వచ్చి 3.98 పెట్టి బ్రూబెక్ ఎల్పీ కొనుక్కుపోవాలి. అందుకే అందులో నాసిరకం పెట్టడం కంపెనీకే నష్టం.

ఇదే 2 సెంట్ల నిబంధన మరో విచిత్రానికీ దారితీసింది. పాట పాటకూ ఖర్చు కాబట్టి అమెరికాలో చవక లేబుళ్లు పాటల సంఖ్య కోసేవి. పన్నెండు ఉండాల్సినచోట తొమ్మిదో పదో. హక్కుల గడువు తీరిపోయిన జానపద గీతాలూ, పాత శాస్త్రీయ ట్యూన్లూ ఆ రికార్డుల్లో అంతగా కనబడటానికీ ఇదే కారణం. బ్రిటన్‌లో లెక్క వేరు. అక్కడి 1956 చట్టం ప్రకారం రాయల్టీ మొత్తం రికార్డు చిల్లర ధరలో 6.25 శాతం. దాన్నే పాటలన్నీ పంచుకోవాలి. కాకపోతే ఒక్కో పాటకు ముప్పావు పెన్నీకి తగ్గకూడదు.

1968లో సీబీఎస్ (అమెరికా బయట కొలంబియా పేరు) లండన్ శాఖ ‘ది రాక్ మెషిన్ టర్న్స్ యూ ఆన్’ అనే సాంప్లర్‌ను 14 షిల్లింగుల 11 పెన్నీలకు అమ్మింది. షిల్లింగుకు 12 పెన్నీల చొప్పున 179 పెన్నీలు. పన్నుల గొడవ పక్కన పెడితే అందులో 6.25 శాతం దాదాపు 11.2 పెన్నీలు. రికార్డులో పాటలు పదిహేను. ఒక్కోదానికి ముప్పావు పెన్నీ వేసుకుంటే 11.25. ఇంకో పాట చేర్చితే ఆ మేరకు అదనపు ఖర్చు, ఒకటి తీసేస్తే ఆదా ఏమీ లేదు. ఈ లెక్క చూసుకునే పదిహేను దగ్గర ఆగారని నేననను. కానీ బ్రిటిష్ సాంప్లర్లలో పద్నాలుగూ పదిహేను పాటలు ఎందుకు కిక్కిరిసి ఉంటాయో ఈ అంకెలు చూస్తే అర్థమవుతుంది.

ఆ రికార్డులో బాబ్ డిలన్, లియొనార్డ్ కోహెన్, సైమన్ అండ్ గార్ఫంకెల్ లాంటి పెద్ద పేర్ల మధ్య ‘బ్లడ్, స్వెట్ అండ్ టియర్స్’ బృందం, తాజ్ మహల్ అనే గాయకుడు, ‘స్పిరిట్’ బృందం లాంటి కొత్తవాళ్లను జొప్పించారు. సాంప్లర్ పన్నాగమంతా ఇక్కడే ఉంది. తెలిసిన పేరు చూసి కొంటారు, పక్కనే తెలియని పేరు చెవిన పడుతుంది. బ్లడ్, స్వెట్ అండ్ టియర్స్‌లో ట్రంపెట్లు, ట్రాంబోన్, శాక్సఫోన్ ఉంటాయి. రాక్ కోసం వచ్చిన కుర్రవాడికి తనకు తెలియకుండానే జాజ్ వాద్యగోష్ఠి రుచి తగులుతుంది. జాజ్, పాప్ కలిపిన సాంప్లర్‌ను కిచిడీ అని ఎగతాళి చేసేవాళ్లు ఈ దారిని పట్టించుకోరు. జాజ్ వైపు జనం వచ్చింది చాలావరకు ఇలాంటి పక్కదారుల్లోనే.

వార్నర్ బ్రదర్స్, రిప్రైజ్ అనే అమెరికన్ లేబుళ్లు కలిసి 1969 నుంచి వేసిన ‘లాస్ లీడర్స్’ వరస ఇంకా నిక్కచ్చి. పేరులోనే నష్టానికి అమ్ముతున్నామని చెప్పేశారు. రెండు ఎల్పీల సెట్ 2 డాలర్లు. కొట్లో దొరకదు, ఇతర రికార్డుల లోపలి కవర్ల మీద వేసిన ప్రకటన చూసి పోస్టులో తెప్పించుకోవాలి. కంపెనీ ప్రకటనల రచయిత స్టాన్ కోర్నిన్ రాసిన అట్ట వెనక వ్యాఖ్యానాలు తమ మీద తామే జోకులు వేసుకునే ధోరణిలో సాగుతాయి. కొట్టువాడి కమీషన్ లేదు, మధ్యవర్తి లేడు. రెండు ఎల్పీలు 2 డాలర్లకు ఇవ్వడానికి ఆ ఆదా కూడా తోడ్పడింది. రికార్డుల మార్కెటింగ్ గురించి మాట్లాడేవాళ్లు టీవీ ప్రకటనల దగ్గర మొదలుపెడతారుగానీ, ఈ పోస్టు పద్ధతే అన్నిటికన్నా తెలివైనదని నా అభిప్రాయం. ఏ పాట విని ఎవరు ఏ ఎల్పీ కొంటారో ఊహించక్కర్లేదు, కూపన్ పంపినవాడి చిరునామా చేతికొస్తుంది.

ఇప్పుడు ప్రతివాది సంగతి. కె-టెల్ లాంటి కంపెనీలు 1970లలో ఒక్కో ఎల్పీలో ఇరవై పాటలు కుక్కి టీవీలో అరిచి అమ్మాయి. 1972లో ‘20 డైనమిక్ హిట్స్’ బ్రిటన్ ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. పాటలన్నీ అసలువే, రకరకాల కంపెనీల నుంచి అద్దెకు తెచ్చుకున్నవి. ఇక్కడ ఎవరికీ ఎవరి తర్వాతి రికార్డునూ అమ్మిపెట్టే పని లేదు. ఇరవై పట్టాలి కాబట్టి పాటల చివరలు కోసేస్తారు, మధ్యలో ఒక చరణం ఎగిరిపోతుంది. అట్ట మీద మాత్రం ‘అసలు హిట్లు, అసలు తారలు’ అని ఉంటుంది. నిజమే, నిడివి అసలుదని ఎవరూ అనలేదు కదా.

అంతకన్నా కిందిమెట్టు మీద నకలు రికార్డులు. బ్రిటన్‌లో హాల్‌మార్క్ లేబుల్ మీద 1968 నుంచి వచ్చిన ‘టాప్ ఆఫ్ ద పాప్స్’ వరసలో ఆ నెల హిట్లన్నీ ఉంటాయి, పాడినవాళ్ల పేర్లే ఉండవు. స్టూడియోకు కూలికి వచ్చిన గాయకులు, అసలు పాటను వీలైనంత దగ్గరగా అనుకరిస్తూ పాడి వెళ్లిపోయేవారు. పేరు రాకముందు ఎల్టన్ జాన్ కూడా ఇలాంటి చవక రికార్డులకు పాడాడు. 1971 ఆగస్టులో బ్రిటన్ ఆల్బమ్ పట్టికలోకి చవక రికార్డులనూ అనుమతించగానే ‘హాట్ హిట్స్ 6’, ‘టాప్ ఆఫ్ ద పాప్స్’ 18వ భాగం నెల తిరగకుండా మొదటి స్థానానికి ఎగబాకాయి. పెద్ద కంపెనీలకు పరువు సమస్య అయింది. 1972 జనవరికల్లా మళ్లీ తలుపులు మూసేశారు.

మన క్యాసెట్ల కాలం గుర్తున్నవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. 1957 కాపీరైట్ చట్టంలో 52(1)(జె) అనే వెసులుబాటు ఉండేది. ఒక పాట హక్కుదారు అనుమతితో ఒకసారి రికార్డయ్యాక, నోటీసిచ్చి రాయల్టీ కట్టి ఎవరైనా ఆ పాటను వేరే గొంతుతో మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. 1980లలో పాత హిందీ సినిమా పాటలను కొత్త గాయకులతో పాడించి చవగ్గా అమ్మిన క్యాసెట్లు ఆ సందులోంచే వచ్చాయి. 2012 సవరణలో దాన్ని తీసేసి 31సి అనే సెక్షన్ పెట్టి, మొదటి రికార్డింగు తర్వాత ఐదేళ్లు ఆగాలన్నారు. ఈ నకలు సరుకును సంగీతం కింద కొట్టిపారేయను, కొందరు మంచి గాయకులు ఆ క్యాసెట్లతోనే పైకొచ్చారు. కానీ సాంప్లర్ అనే పేరు మాత్రం దానికి చెల్లదు. రుచి చూపించడానికి వెనక అసలు సరుకు ఉండాలి కదా.

జాజ్ విషయంలో మంచి సాంప్లర్‌కు కూడా ఒక పెద్ద చిక్కుంది: నిడివి. పాప్ పాట మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఎల్పీ వచ్చాక జాజ్ వాళ్లు రెక్కలు విప్పుకున్నారు. మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో (1959) ఐదు రచనలుంటే అన్నిటికన్నా చిన్నదే ఐదున్నర నిమిషాలు దాటుతుంది, పెద్దది పదకొండున్నర. సాంప్లర్ కూర్చేవాడికి రికార్డు ఒక్కో వైపున, ఇరవై నిమిషాల్లో ఆరు ముక్కలు పట్టాలి. ఏం చేస్తాడు? ఆల్బమ్‌లో చిన్నది ఏరుకుంటాడు, లేదా మధ్యలో శబ్దం తగ్గించి ఆపేస్తాడు (ఫేడ్), లేదా విడి పాటగా అమ్మడానికి, రేడియో కోసం కత్తిరించిన సింగిల్ వేస్తాడు.

బ్రూబెక్ బృందం ‘టేక్ ఫైవ్’ దీనికి మంచి పరీక్ష. పాల్ డెస్మండ్ రాసిన ఈ 5/4 ముక్క లేని జాజ్-పాప్ సాంప్లర్ చాలా అరుదు. ఎల్పీలో దాని నిడివి 5 నిమిషాల 24 సెకన్లు. సింగిల్‌గా వచ్చినది మూడు నిమిషాల లోపే. పోయిందేమిటంటే జో మొరెల్లో డ్రమ్స్ సోలోలో చాలా భాగం. పియానో ఒకే లయను పట్టుకుని తిప్పుతుంటే దాని మీద డ్రమ్ములు ఐదు మాత్రలను ఎక్కడెక్కడ విరుస్తాయో చూపించే చోటు అది. మన చెవులకు ఐదు మాత్రలు ఖండచాపుగా ఎలాగూ పరిచయమే కాబట్టి తెలుగు శ్రోతకు బాగా అందేదీ ఆ సోలోనే, చిత్రంగా ముందు పోయేదీ అదే. అట్ట వెనక గానీ లేబుల్ మీద గానీ 5:20 దాటి ఉంటే కొనండి. 2:50 పైచిలుకు ఉంటే అక్కడే తెలిసిపోతుంది, కూర్చినవాడు జాజ్ రుచి చూపించాలనుకోలేదు, ట్యూన్ వినిపించాలనుకున్నాడు. నిడివులే వేయకపోతే ఇంకా అనుమానించాలి.

నిడివులు ఇంకో పనికీ వస్తాయి. ఒక వైపున్న పాటల నిమిషాలన్నీ కూడండి. 12 అంగుళాల ఎల్పీలో గాడి కేంద్రం నుంచి సుమారు 146 మిల్లీమీటర్ల దూరంలో మొదలై 60 మిల్లీమీటర్ల దగ్గర ముగుస్తుంది. మధ్యలో ఉన్న చోటు 86 మిల్లీమీటర్లు. నిమిషానికి 33⅓ చుట్ల చొప్పున 20 నిమిషాలకు 667 చుట్లు, చుట్టుకు 0.129 మిల్లీమీటర్లు దక్కుతాయి. అదే 30 నిమిషాలైతే 1000 చుట్లు, చుట్టుకు 0.086. గాడి వెడల్పే 0.05 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అది పోగా గాడి అటూ ఇటూ ఊగడానికి మొదటి సందర్భంలో 0.079, రెండోదాంట్లో 0.036 మిగులుతుంది. ఊగే జాగా సగానికి తగ్గితే శబ్దం 6 డెసిబెళ్లు తగ్గించక తప్పదు. తక్కువ శబ్దంతో చెక్కిన రికార్డును మీరు ఇంట్లో వాల్యూమ్ పెంచి వింటారు, దాంతో పాటే చిటపటలు, బుస్సుమనే శబ్దమూ పెరుగుతాయి. శబ్దాన్ని బట్టి గాడుల ఎడం మార్చే లేత్‌లు (గాడి చెక్కే యంత్రాలు) ఈ ఇబ్బందిని కొంత తగ్గించాయిగానీ పూర్తిగా తీర్చలేదు. పైగా పాటకూ పాటకూ మధ్య నున్నటి పట్టీకి సుమారు ఒక మిల్లీమీటరు పోతుంది. ఎనిమిది పాటలుంటే ఏడు పట్టీలు, ఉన్న చోటులో పన్నెండో వంతు ఖాళీకే ఖర్చు. వైపుకు 20 నిమిషాలు హాయి. 23 దాకా సర్దుకోవచ్చు. 27 దాటితే బేస్ పలచబడి ఉంటుందని ముందే అనుకోండి.

పాటల వరస కూడా చూడాల్సిందే. రికార్డు ఒకే వేగంతో తిరిగినా ముల్లు కింద గాడి నడిచే వేగం మారుతుంది. అంచు దగ్గర సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు, లేబుల్ దగ్గరికొచ్చేసరికి 21. ఒకే స్వరాన్ని సగం కన్నా తక్కువ పొడవులో ఇరికించాలి. డ్రమ్ముల పక్కన ఉండే సింబల్ అనే కంచు పళ్లేల మోతలు, ‘స’, ‘ష’ అక్షరాల సీత్కారాలు అక్కడే చిరిగినట్టు వినిపిస్తాయి. తెలిసిన ఇంజనీరు ఊపున్న పాటలను బయట, నెమ్మదైన వాటిని లోపల పెడతాడు. సాంప్లర్‌లో వరస నిర్ణయించేది అమ్మకాల విభాగం, హిట్ పాట ముందుండాలి. దాంతో హార్న్ సెక్షన్ (ట్రంపెట్, శాక్సఫోన్ లాంటి ఊదే వాద్యాలు) గట్టిగా మోగే జాజ్ ముక్క ఐదోదో ఆరోదో అయి లోపలి గాడిలో పడుతుంది. విన్నవాడు జాజ్ అంటేనే ఇంత గరుకా అనుకుంటాడు.

టేపుల మాటకొస్తే, ఎర రికార్డుకు ఇక్కడ ఒక మేలుంది. సొంత గిడ్డంగి కాబట్టి అసలు మాస్టర్‌కు దగ్గరి టేపు దొరుకుతుంది. అద్దెకు తెచ్చుకున్న సంకలనానికి నకలుకు నకలు వస్తుంది. మొదటి నకలులోనే టేపు హిస్ (బుస శబ్దం) 3 డెసిబెళ్ల దాకా పెరుగుతుంది. నకలు తీసిన మెషిన్ హెడ్ (టేపుకు తగిలే భాగం) కోణం, చదివే మెషిన్ హెడ్ కోణం కుదరకపోతే హిస్ పెరగకపోయినా మెరుపు పోతుంది. బ్రష్‌తో వాయించే డ్రమ్ములున్న బల్లాడ్‌లో (నెమ్మదైన పాటలో) ఇది ఇట్టే తెలుస్తుంది. డ్రమ్ము చర్మం మీద బ్రష్ గీస్తున్న ‘స్ స్’ వినిపించకపోతే టేపు మూడో తరందో నాలుగో తరందో అయి ఉంటుంది.

ఇక నకిలీ స్టీరియో. 1960లలో కొట్లు మోనో (ఒకే చానెల్) రికార్డులను పక్కనపెట్టడం మొదలుపెట్టాక, పాత మోనో రికార్డింగులను రెండు చానెళ్లుగా విడగొట్టి అమ్మారు. కాపిటల్ దీనికి ‘డ్యూఫోనిక్’ అని పేరు పెట్టుకుంది. మిగతావాళ్లు ‘ఎలక్ట్రానికల్లీ రీచానెల్డ్’ అని చిన్న అక్షరాల్లో వేసేవారు. ఒక చానెల్‌లో బేస్ తగ్గించి, ఇంకోదాంట్లో ట్రెబుల్ తగ్గించి, ఒకదాన్ని కొద్ది మిల్లీసెకన్లు ఆలస్యంగా పంపడం దీని కిటుకు. కొన్నిసార్లు పైన ప్రతిధ్వని చల్లుతారు. 1950ల నాటి జాజ్ ఉన్న చవక సాంప్లర్లలో ఇది మహా ఎక్కువ. మోనో బటన్ నొక్కితే బాగవుతుందనుకుంటారు చాలామంది, నిజానికి చెడుతుంది. ఆలస్యం 10 మిల్లీసెకన్లనుకోండి. రెండు చానెళ్లూ కలపగానే 50, 150, 250, 350 హెర్ట్జ్ ఇలా వరసగా స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. గొంతుకూ శాక్సఫోన్‌కూ ఒళ్లు ఉండే చోటు అదే. మందు ఏమిటంటే ఒక్క చానెల్‌నే తీసుకుని రెండు స్పీకర్లకూ పంపడం. బేస్ ఉన్న చానెల్ తీసుకుని ట్రెబుల్ కాస్త పెంచుకుంటే మనిషి పాడినట్టు వినిపిస్తుంది. కంప్యూటర్‌లోకి ఎక్కించుకునేవాళ్లకు ఇది రెండు క్లిక్కుల పని. అసలైన మోనో రికార్డుకు మాత్రం మోనో బటన్ తప్పకుండా నొక్కండి. ముల్లు పైకీ కిందికీ కదలడం వల్ల వచ్చే రొద చాలావరకు రద్దయిపోతుంది.

కొనేముందు వెలుతురులో చూడాల్సినవి కొన్ని. చవక రికార్డులు చవక ప్లేయర్ల మీదే తిరిగాయి. అప్పటి సెరామిక్ పికప్పులు (ముల్లు ఉండే భాగాలు) 5 గ్రాములో ఇంకా ఎక్కువో బరువుతో గాడిని తొక్కేవి, ఇప్పటివి 2 గ్రాముల చుట్టుపక్కల. నల్లగా మెరవాల్సిన గాడులు బూడిదరంగుకు తిరిగితే అది దుమ్ము కాదు, అరుగుదల. కడిగితే పోదు. మధ్య రంధ్రం చుట్టూ లేబుల్ మీద ప్లేయర్ కదురు తడుముకున్న గీతలు ఎన్నుంటే అన్నిసార్లు తిరిగిందని లెక్క. రంధ్రం నడిమధ్యన లేకపోతే పియానో స్వరం 1.8 సెకన్లకోసారి పైకీ కిందికీ ఊగుతుంది. గిటార్ పాటలో పట్టుకోలేకపోవచ్చు, పియానో బల్లాడ్‌లో దొరికిపోతుంది. కుడి చానెల్‌లో జిప్పు లాగినట్టు చర్రుమంటే అచ్చులో వినైల్ గాడిలోకి పూర్తిగా పోలేదని అర్థం. అచ్చు తొందరగా తీసిన చవక రికార్డుల జబ్బు ఇది, దీనికి మందు లేదు. తుక్కు వినైల్‌ను మళ్లీ కరిగించి పోసినదైతే మొదటి నుంచి చివరి దాకా సన్నగా గరగరలాడుతుంది.

అరిగిన రికార్డును పూర్తిగా వదులుకునే ముందు ముల్లు మార్చి చూడొచ్చు. పాత మోనో ఎల్పీలకు 25 మైక్రాన్ల గుండ్రటి ముల్లు, స్టీరియోకు 18 మైక్రాన్లది వాడేవారు. ముందు తిరిగిన ముల్లు ఏ ఎత్తులో గాడి గోడను అరగదీసిందో దానికి కాస్త పైనో కిందో తగిలే ముల్లు పెడితే, ఇంకా చెడని గోడ దొరకొచ్చు.

మన దగ్గర దొరికే పాశ్చాత్య రికార్డుల్లో చాలావరకు కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా అచ్చు వేసినవి, తర్వాత బొంబాయి పోలిడోర్‌వి. వీటికి శత్రువు ముల్లు కన్నా మన వాతావరణం. రోహిణి కార్తెలో మూసి ఉన్న కారులో వదిలేస్తే వినైల్ మెత్తబడి గిన్నెలా వంగిపోతుంది. అడ్డంగా దొంతర పెట్టినా అంతే, నిలువుగానే నిలబెట్టాలి. కోస్తా తేమకు లోపలి కాయితం కవరుకు బూజు పట్టి, అది గాడుల్లోకి దిగుతుంది. రికార్డును డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో, గాడుల దిశలోనే తుడవండి. కాయితం కవరు పారేసి కొత్తది వేయండి, బొమ్మలున్న పై అట్ట ఉంచుకోండి. బూజు మొండిదైతే నీళ్లలో పదోవంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలపొచ్చు. అదే సీసా పొరపాటున 78 ఆర్పీఎం ప్లేట్ల దగ్గరికి తీసుకెళ్లకండి, ఆల్కహాల్‌కు లక్క కరిగిపోతుంది.

రికార్డు ఎప్పటిదో తేల్చుకోవడానికి, వలయంలో ‘పి’ అక్షరం ఉన్న గుర్తు పక్కన సంవత్సరం చూస్తారు. అమెరికన్ రికార్డుల మీద ఆ గుర్తు 1972 తర్వాతే మామూలైంది. అక్కడ సౌండ్ రికార్డింగులకు కేంద్ర చట్టం రక్షణ ఆ ఏడాది ఫిబ్రవరిలో మొదలైంది మరి. సాంప్లర్ మీదున్న సంవత్సరం చాలాసార్లు ఆ కూర్పుది, పాటలది కాదు. పాటల సంవత్సరాలు విడిగా వేశారంటే కూర్చినవాడికి ఆ శ్రద్ధ ఉందని, వ్యాఖ్యానం కూడా చదవదగ్గదని నమ్మొచ్చు.

చవక జాజ్‌కు ఇప్పుడు సంవత్సరాలే అసలు కీలకం. ఐరోపాలో రికార్డింగు హక్కు 50 ఏళ్లే ఉండేది. 2013 నవంబరు నుంచి 70 చేశారుగానీ అప్పటికే గడువు తీరినవాటికి అది వర్తించలేదు. అంటే 1962 చివరిలోగా విడుదలైన రికార్డింగులు అక్కడ స్వేచ్ఛగా ఉన్నాయి. నాలుగేసి, ఎనిమిదేసి జాజ్ ఆల్బమ్‌లు ఒక చిన్న పెట్టెలో పెట్టి ఒక్క సీడీ ధరకు అమ్మే ఐరోపా కంపెనీలన్నీ ఈ గీతకు ఇటువైపే తిరుగుతుంటాయి. వాటిలో కోత ఉండదు, నిడివి పూర్తిగా ఉంటుంది. కానీ టేపు మాత్రం వాళ్ల దగ్గర లేదు, ఎవరో వేసిన సీడీ నుంచో పాత ఎల్పీ నుంచో ఎక్కించుకున్నదే. అమెరికాలో 1947 నుంచి 1956 దాకా విడుదలైనవాటికి 110 ఏళ్ల రక్షణ ఉంది కాబట్టి 98 సెంట్ల ఆ కొలంబియా సాంప్లర్‌లో 1955లోనే తొలిసారి విడుదలైన రికార్డింగు ఏదైనా ఉంటే దాని హక్కు అక్కడ 2065 దాకా నడుస్తుంది, పాతవాటి లెక్క వేరు. మన చట్టంలో 27వ సెక్షన్ కింద విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. ఆ లెక్కన 1955లో తొలిసారి విడుదలైన రికార్డింగుకు ఇక్కడ గడువు 2015 చివర తీరిపోయింది. పాట రాసినవారి హక్కు వేరే లెక్క, అది రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు. పాత ఎల్పీని కంప్యూటర్‌లోకి ఎక్కించి నలుగురికీ పంచుదామనుకునేవాళ్లు ఈ రెండో తేదీ చూసుకోకుండా మొదటిది మాత్రమే చూసుకుంటారు. పాల్ డెస్మండ్ 1977లో పోయాడు. ‘టేక్ ఫైవ్’ రాయల్టీలు అమెరికన్ రెడ్‌క్రాస్‌కు రాసి వెళ్లాడు, ఆ హక్కు మన దేశంలో 2037 చివరి దాకా ఉంటుంది.